గీత పడకపోతే డెంగ్యూ లేనట్టేనా?



వానలు మొదలయ్యాయి. అటెండెన్స్ రిజిస్టర్‌లో పేర్ల పక్కన "ఫీవర్" అని రాయడం కూడా మొదలైంది. ఈ నెల ఈ పేజీ నన్ను రాయమన్నప్పుడు, పోయినేడు ఇదే కాలంలో మా క్లాసులో జరిగిన ఒక సంగతి మీతో చెప్పుకోవాలనిపించింది. అందులో పొరపాటు నాది కూడా ఉంది.

తొమ్మిదో తరగతి బాబు ఒకడికి ఆదివారం జ్వరం మొదలైంది. వారమంతా స్కూలుకు రాలేదు. శుక్రవారానికి జ్వరం తగ్గింది. ఎందుకైనా మంచిదని ఆ రోజు ఇంట్లోవాళ్లు డెంగ్యూ కార్డు టెస్ట్ చేయించారు. నెగెటివ్ వచ్చింది. మర్నాడు శనివారం, వీక్లీ టెస్ట్. పొద్దున్నే వాళ్ల అమ్మగారు ఫోన్ చేశారు. "మేడమ్, రిపోర్ట్ నెగెటివ్ వచ్చింది, జ్వరం కూడా లేదు. టెస్ట్ మిస్సవుతానని వాడు ఒకటే గొడవ. పంపించమంటారా?" అని అడిగారు. క్షణం కూడా ఆలోచించకుండా "పంపించండమ్మా" అన్నాను.

వాడు వచ్చాడు. అరగంట రాశాక తల బెంచీ మీద పెట్టేశాడు. కడుపులో నొప్పి అన్నాడు. పొద్దున సరిగ్గా తినలేదేమో అనుకున్నాను. లంచ్ బెల్ కొట్టేలోపు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఆఫీసు నుంచి ఫోన్ వెళ్లింది, వాళ్ల నాన్నగారు వచ్చి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ చేసిన వేరే పరీక్షలో డెంగ్యూ అని తేలింది. ఐదు రోజులు అక్కడే ఉన్నాడు. దేవుడి దయవల్ల బాగై తిరిగొచ్చాడు. ఇప్పుడు పదో తరగతి. ఈ సంగతి రాస్తానంటే వాడూ, వాళ్ల అమ్మానాన్నలూ సరేనన్నారు.

నన్ను చాలా రోజులు బాధపెట్టింది ఇంకొకటి. సరిగ్గా నెల ముందే నేను ఆ క్లాసుకు యాంటీబాడీల పాఠం చెప్పాను. యాంటీజెన్‌కూ యాంటీబాడీకీ తేడాలు రాయండి, నాలుగు మార్కులు. ఆ బాబుకు నాలుగుకు నాలుగూ వచ్చాయి. అయినా జ్వరం మొదలైన ఆరో రోజున చేసిన ఆ కార్డు నెగెటివ్ అంటే అర్థం ఏమిటో నేర్చుకున్న వాడికీ తెలియలేదు, నేర్పిన నాకూ తట్టలేదు. ఆ తర్వాత కూర్చుని చదివాను, ఈ ఏడు పిల్లలకు రెండు పీరియడ్లలో చెప్పాను. అదే మీకూ చెబుతున్నాను. నేను డాక్టర్‌ను కాను. సైన్స్ టీచర్‌గా నాకు అర్థమైనంత వరకే ఇది.

కార్డు లోపల ఏం జరుగుతుంది?

డెంగ్యూ వైరస్ మన ఒంట్లో పెరిగేటప్పుడు ఎన్‌ఎస్1 అనే ప్రొటీన్ రక్తంలోకి వస్తుంది. ఆ బాబుకు చేసిన కార్డు వెతికేది దాన్నే. జ్వరాన్ని కాదు, వైరస్‌ను కూడా కాదు, ఆ ఒక్క ప్రొటీన్‌ను.

కార్డుకు ఒక చివర ఉన్న చిన్న గుంటలో నమూనా చుక్కలు వేస్తారు. చీర అంచు తడిస్తే నీళ్లు పైకి పాకినట్టు, ఆ చుక్క లోపలి తెల్లటి పట్టీ మీద పాకుతుంది. దారిలో చాలా కార్డుల్లో బంగారు రేణువులు ఉంటాయి. అవును, బంగారమే. ఒక్కో రేణువు కొన్ని పదుల నానోమీటర్లు మాత్రమే. తలవెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు అనుకుంటే, 40 నానోమీటర్ల రేణువులు 2,000 పక్కపక్కన పేరిస్తే ఒక్క వెంట్రుక మందం అవుతుంది.

ఆ రేణువులకు యాంటీబాడీలు అంటించి ఉంటాయి. రక్తంలో ఎన్‌ఎస్1 ఉంటే అవి దాన్ని పట్టుకుని ముందుకు సాగుతాయి. "టీ" అని రాసి ఉన్న చోట పట్టీకే అంటించిన మరికొన్ని యాంటీబాడీలు కాచుకుని ఉంటాయి. అవి ఆ ప్రొటీన్‌ను రెండో వైపు నుంచి పట్టుకుంటాయి. ప్రొటీన్ ఆగిపోతుంది, దాంతో బంగారు రేణువూ ఆగిపోతుంది. అలా లెక్కలేనన్ని రేణువులు ఒకే చోట చేరితే మనకు ఎర్ర గీత కనిపిస్తుంది. "సీ" దగ్గర పడే గీత, చుక్క పట్టీ చివరిదాకా వెళ్లిందనీ కార్డు పనిచేసిందనీ చెప్పడానికి. ఆ గీత రాకపోతే ఆ కార్డు చెల్లదు, ఇంకోటి చేయాల్సిందే.

"మేడమ్, బంగారం పసుపు కదా, గీత ఎర్రగా ఎందుకుంది?" అని ఒక అమ్మాయి అడిగింది. అంత చిన్న రేణువైనప్పుడు బంగారం ఆకుపచ్చ వెలుతురును ఎక్కువగా పీల్చుకుంటుంది, అందుకే దాని ద్రావణం మనకు ఎర్రగా కనిపిస్తుంది. లండన్‌లో మైకేల్ ఫారడే 1857లోనే ఈ ఎర్రటి బంగారాన్ని తయారుచేసి, రంగు మారడానికి కారణం రేణువుల సైజేనని చెప్పాడు. కరెంటు పాఠంలో మన పిల్లలు చదివే ఫారడేనే. కోవిడ్ రోజుల్లో మనం ఇంట్లో చేసుకున్న కార్డులు కూడా చాలావరకు ఇదే పద్ధతి. నానో టెక్నాలజీ ఎప్పుడో రాబోయే వింత కాదని, మందుల షాపులో దొరుకుతోందని పిల్లలకు అప్పుడు అర్థమైంది.

గీత పడకపోవడానికి మూడు కారణాలు

ఇక మన బాబు సంగతి. గీత పడలేదంటే మూడింటిలో ఏదైనా కావచ్చు. ఒకటి, ఆ ప్రొటీన్ రక్తంలో లేకపోవడం. రెండు, ఉన్నా కార్డు పట్టుకోలేనంత తక్కువగా ఉండడం. మూడు, అది కనిపించే రోజులు దాటిపోవడం.

ఎన్‌ఎస్1 జ్వరం మొదటి రోజు నుంచే రక్తంలో దొరుకుతుంది. ఐదో రోజు ప్రాంతంలో మన ఒంట్లో యాంటీబాడీలు తయారయ్యే కొద్దీ దొరకడం తగ్గిపోతుంది. ఇంతకుముందు ఒకసారి డెంగ్యూ వచ్చిపోయిన వాళ్లలో ఇంకా త్వరగా తగ్గిపోవచ్చు. పాత యాంటీబాడీలు దాన్ని ముందే చుట్టేసి కార్డుకు చిక్కకుండా చేస్తాయి. అందుకే మన దేశంలో ప్రభుత్వ మార్గదర్శకాలు మొదటి రోజుల్లో ఎన్‌ఎస్1 ఎలీసా, ఐదో రోజు దాటాక ఐజీఎం యాంటీబాడీలు చూసే ఎలీసా చేయమంటాయి. ఎలీసా కూడా యాంటీబాడీలతో పట్టుకునే పద్ధతే. 1971లో స్టాక్‌హోంలో ఇవా ఎంగ్వాల్, పీటర్ పెర్ల్‌మన్ దీన్ని ప్రకటించారు. ల్యాబ్ కావాలి, గంటల సమయం పడుతుంది, కానీ కార్డు కంటే నమ్మకం ఎక్కువ. కార్డు ఒక్కదాని మీదే ఆధారపడి డెంగ్యూ ఉందనీ లేదనీ తేల్చకూడదు.

మా బాబుకు ఆరో రోజున కార్డు చెప్పింది ఇంతే: "ఈ రోజు, ఈ చుక్కలో, నాకు ఎన్‌ఎస్1 కనపడలేదు." మేం విన్నది మాత్రం "డెంగ్యూ లేదు" అని. కార్డు అబద్ధం చెప్పలేదు. చేయించాల్సిన రోజు దాటిపోయాక చేయించి, అది చెప్పనిది మేం విన్నాం.

ఇంకో సంగతి, అన్నిటికంటే ముఖ్యం. డెంగ్యూలో ప్రమాదకరమైన రోజులు చాలాసార్లు జ్వరం తగ్గేటప్పుడే మొదలవుతాయి. జ్వరం తగ్గింది కదా అని మనం స్కూలు బ్యాగు సర్దే రోజులు అవే. తగ్గని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మత్తుగా పడుకోవడం లేదా కుదురు లేకపోవడం, వీటిలో ఏది కనిపించినా రిపోర్ట్ ఏమన్నా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మూడు లారీల బియ్యంలో ఒక్క గింజ

"ఏ రోజైనా, ఎంత తక్కువ ఉన్నా పట్టుకునే మిషన్ ఎందుకు చేయరు మేడమ్?" అని పిల్లలు అడిగారు. మంచి ప్రశ్న. దానికి జవాబుగా బోర్డు మీద ఒక లెక్క వేశాం.

గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి ట్రోపోనిన్ అనే ప్రొటీన్ వస్తుంది. ఆసుపత్రుల్లో వాడే ఒక పరీక్షలో ఇది లీటరుకు 14 నానోగ్రాములు దాటితే డాక్టర్లు జాగ్రత్తపడతారు. అదే లీటరు ప్లాస్మాలో ఆల్బుమిన్ అనే మామూలు ప్రొటీన్ సుమారు 40 గ్రాములు ఉంటుంది. నలభై గ్రాములను 14 నానోగ్రాములతో భాగిస్తే సుమారు 285 కోట్లు. ఒక బియ్యపు గింజ 20 మిల్లీగ్రాములనుకుంటే, 285 కోట్ల గింజలు 57 టన్నులు. ఇరవై టన్నుల లారీలు దాదాపు మూడు. ఆ మూడు లారీల బియ్యంలో వేరే రకం గింజ ఒక్కటి ఉంటే, దాన్ని పొరపాటు లేకుండా ఏరాలి. క్లాసు మొత్తం ఒక్కసారి "అమ్మో" అంది.

ఇలాంటి గింజను పట్టుకోవడానికే నానో బయోసెన్సార్లు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ లీబర్ బృందం 2001లో సిలికాన్‌తో చేసిన అతి సన్నని తీగలను చూపించింది. తీగ మీద యాంటీబాడీలు అంటిస్తారు. ప్రొటీన్ వచ్చి అంటుకుంటే దాని మీది విద్యుదావేశం వల్ల తీగలో కరెంటు కొంచెం మారుతుంది. ఆ మార్పును కొలిస్తే చాలు. తీగ అంత సన్నగా ఉంది కాబట్టే అంత చిన్న ప్రొటీన్ కూడా దాన్ని కదిలించగలుగుతుంది. 2005లో అదే బృందం క్యాన్సర్‌కు సంబంధించిన కొన్ని ప్రొటీన్లను చాలా తక్కువ మోతాదుల్లో ఇలాగే గుర్తించింది.

ఇరవై ఏళ్లు దాటింది. మన ఊళ్లో జ్వరానికి వెళ్తే ఇప్పటికీ చేసేది కార్డో, ఎలీసానో. ఎందుకు? రక్తం ఉప్పగా ఉంటుంది. ఉప్పులోని అయాన్లు ప్రొటీన్ చుట్టూ మూగి దాని ఆవేశాన్ని కప్పేస్తాయి. రక్తంలో ఉన్నంత ఉప్పులో ఆ ఆవేశం ప్రభావం ఒక నానోమీటరు దూరం కూడా దాటదు. యాంటీబాడీ ఎత్తే సుమారు పది నానోమీటర్లు. దాని మీద కూర్చున్న ప్రొటీన్ ఉనికి కింద ఉన్న తీగకు తెలిసేదెలా? జాతరలో పది అడుగుల అవతల నుంచి పిలిస్తే వినపడనట్టే. పైగా మూడు లారీల ఆల్బుమిన్ వచ్చి తీగకు అంటుకుంటూనే ఉంటుంది. శుభ్రమైన పలచటి ద్రావణంలో బాగా పనిచేసిన సెన్సార్ అసలు రక్తంలో తడబడేది ఇందుకే. దీన్ని దాటడానికి రక్తాన్ని ముందే వడకట్టడం, యాంటీబాడీకి బదులు పొట్టి అణువులు వాడడం లాంటి దారులు శాస్త్రవేత్తలు వెతుకుతూనే ఉన్నారు. మన పిల్లల్లో ఒకరు రేపు ఆ పనిలో ఉంటే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు.

"నానో" అన్న మాటే చాలదు

మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు ఫోన్‌లో మెసేజ్ చూపించారు. ఒక్క చుక్క రక్తంతో అన్ని పరీక్షలూ చేసే నానో మిషన్ వచ్చేసిందట. "మా అమ్మాయిని ఆ కోర్సు చదివించాలా మేడమ్?" అని అడిగారు. ఆయనకు థెరనోస్ కథ చెప్పాను. మీకూ చెబుతాను.

అమెరికాలో ఎలిజబెత్ హోమ్స్ అనే అమ్మాయి పంతొమ్మిదేళ్లకు చదువు ఆపేసి 2003లో పెట్టిన కంపెనీ అది. వేలి నుంచి తీసిన కొద్ది చుక్కలతో ఎన్నో పరీక్షలు చేస్తామన్నారు. ఆ చుక్కలు పట్టే చిన్న గొట్టానికి "నానోటైనర్" అని పేరు పెట్టారు. కంపెనీ విలువ 900 కోట్ల డాలర్ల దాకా వెళ్లింది. 2015లో జాన్ క్యారీరూ అనే విలేకరి, చాలా పరీక్షలు వాళ్ల సొంత మిషన్ మీద కాకుండా బయట కొన్న మామూలు మిషన్ల మీదే చేస్తున్నారని బయటపెట్టారు. 2018లో కంపెనీ మూతపడింది. 2022లో పెట్టుబడిదారులను మోసం చేసినందుకు ఆమెకు పదకొండేళ్లకు పైగా జైలు శిక్ష పడింది.

అంతమంది పెద్దవాళ్లు, చదువుకున్నవాళ్లు డబ్బు పెట్టారు. "ఇది ఎలా పనిచేస్తుంది? అసలు రక్తంలో పనిచేసిందని ఎవరు సరిచూశారు?" అని గట్టిగా అడిగినవాళ్లు మాత్రం కొద్దిమందే. మూడు లారీల లెక్క వేసిన మా తొమ్మిదో తరగతి పిల్లలు ఆ ప్రశ్న అడగగలరు. ఏ కోర్సులో చేర్పించినా మీ అమ్మాయికి కావలసింది ముందు ఇది అని ఆ నాన్నగారితో అన్నాను.

మీతో నా మాట

ఈ రెండు పీరియడ్ల గురించి కొందరు తల్లిదండ్రులు అడిగారు. "ఇది సిలబస్‌లో ఉందా? పరీక్షలో వస్తుందా?" అని. మీరు అడగడంలో తప్పు లేదు. కష్టపడి ఫీజు కడుతున్నారు, ప్రతి పీరియడ్‌కు లెక్క అడిగే హక్కు మీకుంది. నా జవాబు ఇది. యాంటీబాడీ పాఠం సిలబస్‌లో ఉంది. నేను పోయినేడు దాన్ని నాలుగు మార్కుల కోసం చెప్పాను, ఈ ఏడు ఆ కార్డు చదవడం కోసం చెప్పాను. నాలుగు మార్కులు ఈ ఏడూ వస్తాయి. కానీ పోయినేటి పద్ధతిలో నాలుగుకు నాలుగు తెచ్చుకున్న పిల్లవాడు, ఆ పాఠం అవసరమైన రోజున, నా కళ్ల ముందే బెంచీ మీద తల వాల్చాడు.

మా వీక్లీ టెస్ట్ కూడా ఒక కార్డు లాంటిదే అని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. దేన్ని పట్టుకోవడానికి తయారుచేశామో దాన్నే పట్టుకుంటుంది. ఆ రోజు పిల్లవాడికి గుర్తున్నది ఎంతో చెబుతుంది. అర్థమైంది ఎంతో ఎప్పుడూ చెప్పదు. టెస్టులు వద్దని నేను అనడం లేదు. కార్డులు వద్దని డాక్టర్లు అనరు కదా. దాని మీద పడిన అంకె ఏ ప్రశ్నకు జవాబో తెలుసుకుని చూద్దాం అంటున్నాను. శనివారం సాయంత్రం "ఎన్ని వచ్చాయి?" అని అడిగాక, "ఈ వారం నీకు నిజంగా అర్థమైంది ఒకటి నాకు చెప్పు" అని కూడా అడిగి చూడండి. ఐదు నిమిషాలు చాలు.

ఇక జ్వరాల సంగతి. పిల్లలకు జ్వరం వస్తే మొదలైన తేదీ, వేళ స్కూల్ డైరీలో రాయండి. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు "ఇది ఎన్నో రోజు" అని మీరే ముందు చెప్పండి, ఏ పరీక్ష చేయించాలో వారు చెబుతారు. రిపోర్ట్ చేతికి వస్తే నెగెటివా పాజిటివా అని చూసే ముందు ఏ పరీక్ష, ఏ రోజున తీసిన రక్తం అని చూడండి. డాక్టర్ చెప్పకుండా పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు వేయకండి. కొన్ని మాత్రలు డెంగ్యూలో రక్తస్రావం ప్రమాదాన్ని పెంచుతాయి. జ్వరం తగ్గిన వెంటనే స్కూలుకు పంపకండి, డాక్టర్ సరేనన్నాకే పంపండి.

టెస్ట్ మిస్సవుతుందన్న భయం మీకు వద్దు. జ్వరంతో రాలేకపోయిన పిల్లలతో నా సబ్జెక్ట్ టెస్ట్ తర్వాత నేనే కూర్చోబెట్టి రాయిస్తాను. ఈసారి ఎవరైనా అమ్మగారు పొద్దున్నే ఫోన్ చేసి "రిపోర్ట్ నెగెటివ్, పంపించమంటారా మేడమ్?" అని అడిగితే, నేను ముందు ఒకటే అడుగుతాను: "జ్వరం ఏ రోజు మొదలైందమ్మా?"

ఇట్లు,
మీ పిల్లల సైన్స్ టీచర్